చియాంగ్ మాయ్‌లో ఆరు రోజులు, 17 చోట్లు: ఏవి కొట్టేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మార్చి మొదటి వారంలో మీరూ మీవారూ ఆరు రోజులు ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ వెళ్దామనుకుంటున్నారు. కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని ఇద్దరికీ మెడలు పట్టేశాయి, నిద్ర సరిగ్గా లేదు. హడావుడి లేకుండా, మనసు కుదుటపడేలా ఉండాలి. 17 చోట్ల జాబితా ఇచ్చి, ఇందులో ఏమైనా మర్చిపోయామా, మధ్యలో మూడు రోజుల విపశ్యన ధ్యాన శిబిరం ఇరికించవచ్చా అని అడిగారు. మీవారు కదలకుండా కూర్చునే మనిషి కాదని కూడా రాశారు.

మర్చిపోయిందేమీ లేదండి. చిక్కంతా అక్కడే ఉంది. ఆ జాబితా పట్టుకుని తిరిగితే ఇంటికొచ్చాక ఇంకో వారం సెలవు పెట్టాల్సి వస్తుంది. నేను యోగా నేర్పుతాను. నలుగురైదుగురిని వెంటబెట్టుకుని ఆ ఊరికి ఇప్పటికి తొమ్మిదిసార్లు వెళ్లాను. మొదట్లో నేనూ మీలాగే జాబితాలు రాసినదాన్నే కాబట్టి, కాస్త చనువు తీసుకుని ఎక్కువ కొట్టివేతలే చేస్తున్నాను. ఏమీ అనుకోకండి.

అన్నిటికన్నా ముందు మార్చిని మార్చండి.

ఫిబ్రవరి సగం నుంచి ఏప్రిల్ దాకా ఉత్తర థాయిలాండ్‌లో పొగ కాలం. కోతలయ్యాక పొలాల్లో మోళ్లు తగలబెడతారు. కొండల మీద అడవులు అంటుకుంటాయి. సరిహద్దు అవతల మయన్మార్, లావోస్‌ల నుంచీ పొగ వస్తుంది. ఊరేమో కొండల నడుమ గిన్నెలో ఉన్నట్టు ఉంటుంది. పైన వెచ్చటి గాలి మూతలా పడి కింది గాలిని కదలనివ్వదు. పీఎం 2.5 అనే సన్నటి ధూళి రోజు సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అక్కడ మార్చిలో 100 దాటే రోజులు వింతేమీ కాదు. నేను మొదటిసారి వెళ్లింది మార్చిలోనే. బాల్కనీ నుంచి కొండ కనిపిస్తుందంటే ఎగబడి ఆ గదే తీసుకున్నాను. ఐదు రోజులూ కొండ ఎటుందో తెలియలేదు. మంచు అనుకున్నాను, పిచ్చిదాన్ని! ప్రాణాయామం చేద్దామని వెళ్లి మాస్కు పెట్టుకుని తిరిగొచ్చాను.

నవంబరు నుంచి జనవరి ఆఖరు దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. తెల్లవారుజామున చలి వేస్తుంది, ఓ స్వెట్టరు చాలు. అయితే కార్తీక పౌర్ణమి రోజులకు మాత్రం వెళ్లకండి. సాధారణంగా అదే పున్నమికి అక్కడ యీ పెంగ్, లోయ్ క్రతోంగ్ పండుగలు వస్తాయి. ఆకాశంలోకి కాగితం లాంతర్లు, పింగ్ నదిలో అరటిదొప్పల దీపాలు. చూడటానికి రెండు కళ్లూ చాలవు గానీ లాంతర్లతో పాటు గదుల అద్దెలూ పైకి లేస్తాయి, వీధుల్లో కాలు పెట్టే చోటు ఉండదు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, అంటే నీళ్ల పండుగ. అప్పుడు గది దాటితే తడవకుండా తిరిగి రారు.

నన్నడిగితే జులైలో వెళ్లమంటాను. వానాకాలమే, కానీ చాలా రోజులు సాయంత్రం ఓ గంట దంచికొట్టి ఆగిపోతుంది. కొండంతా పచ్చగా ఉంటుంది, గదులు చవక. ఇంచుమించు మన గురు పౌర్ణమి నుంచి మూడు నెలలు బౌద్ధ భిక్షువులు ఊళ్లు తిరగరు, ఉన్న విహారంలోనే ఉండిపోతారు. మన సన్యాసుల చాతుర్మాస్యం లాంటిదే. వానల్లో తిరిగితే పైర్లూ పురుగులూ కాళ్ల కింద నలుగుతాయని బుద్ధుడి కాలంలో మొదలైన నియమం. ఆ ఊళ్లో ఆ నెలల్లో నాకు తోచిన ఉపాయం కూడా అదే: ఉన్నచోట ఉండటం. ఇక్కణ్నుంచి చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. సెప్టెంబరుకు మాత్రం జరపకండి, వానలు ముదిరేది అప్పుడే. 2024 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో పింగ్ నది పొంగి ఊళ్లోకి నీళ్లు వచ్చాయి.

బస సంగతి. పాత ఊరు చతురస్రంగా ఉంటుంది, ఒక్కో వైపు కిలోమీటరున్నర పైచిలుకు, చుట్టూ నీళ్ల కందకం. 1296లో మాంగ్రాయ్ రాజు కట్టించిన ఊరు. గోడలు చాలావరకు పోయాయి. ద్వారాలు, మూలల బురుజులు మిగిలాయి. మీరు నిమ్మాన్‌లో హోటలు చూశామన్నారు. కాఫీ షాపులకు పెట్టింది పేరు, కాదనను. కానీ విమానాశ్రయం రన్‌వేకి సరిగ్గా ఉత్తరాన ఉంది ఆ పేట. తలమీద నుంచి విమానాలు పోతుంటే ధ్యానం ఎలా కుదురుతుంది? తా ఫే ద్వారం అవతల లోయ్ క్రో వీధిలో బార్లు, రాత్రంతా పాటలు. పాత ఊళ్లోనే పడమటి సగంలో, వాట్ ఫ్రా సింగ్ గుడి వెనకాల సందుల్లో చూడండి. సందును అక్కడ 'సోయ్' అంటారు. రాచదమ్నోన్ రోడ్డుకు ఆనుకుని మాత్రం తీసుకోకండి, ఆదివారం సాయంత్రం ఆ రోడ్డంతా సంత. గది బుక్ చేసేముందు ఒక్కటే అడగండి: కిటికీ రోడ్డు వైపా, పెరటి వైపా? కోళ్లు, గుడి కుక్కలు ఎక్కడున్నా తప్పవు. మొదటి రాత్రి విసుగొస్తుంది, మూడో రాత్రికి వినిపించవు.

బ్యాంకాక్ నుంచి విమానంలో గంట పైచిలుకు. నేనైతే ఒక వైపు రాత్రి రైలు ఎక్కమంటాను. 751 కిలోమీటర్లు. సాయంత్రం ఎక్కితే పొద్దున కొండల మధ్య, అడవుల మధ్య కళ్లు తెరుస్తారు. ఒళ్లు ఆ ఊరి నడకకు రైల్లోనే అలవాటు పడుతుంది. పడుకునే బెర్తులు త్వరగా అయిపోతాయి కాబట్టి ముందే తీసుకోవాలి. వీసా నియమాలు ఈమధ్య మాటిమాటికీ మారుతున్నాయి, టికెట్టు కొనేముందు థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైటు చూడండి. 2025 మే నుంచి ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు కూడా నింపాలి. అది ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే అది నకిలీ సైటని అర్థం.

ఇప్పుడు రోజు ఎలా గడవాలి? నా వెంట వచ్చేవాళ్లకు నేను పెట్టే నియమం ఇది: పొద్దున ఒక పని, సాయంత్రం ఒక పని, మధ్యాహ్నం ఖాళీ. ఆ ఖాళీలోకి ఏదీ రానివ్వకూడదు. మొదటి రెండు రోజులు చేతులు ఊరికే ఉండవు, ఫోను మీదకే పోతాయి. ఇంత డబ్బు పోసి వచ్చి గదిలో కూర్చున్నామేమిటని మనసు పీకుతుంది. మూడో రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక మంచి నిద్ర పడుతుంది చూడండి, ప్రయాణం డబ్బులు అక్కడ గిట్టుబాటవుతాయి. అందుకే ఆరు రోజుల్లో మొదటి రెండు రోజుల్ని లెక్కలో వేసుకోకండి.

పొద్దున పని రోజూ ఒకటే ఉండాలి. కొత్త గుడి వద్దు, నిన్నటి గుడికే వెళ్లండి. పాత ఊళ్లో ఏ సందులో చూసినా ఓ వాట్, అంటే బౌద్ధ ఆలయం, కనిపిస్తుంది. పేరున్న వాటిలో వాట్ చెడీ లువాంగ్ నాకిష్టం. 1545 భూకంపంలో శిఖరం కూలిన పెద్ద ఇటుకల స్తూపం అది. అలా విరిగి ఉండటంలోనే ఏదో నిండుతనం కనిపిస్తుంది నాకు. పక్కనే వాట్ ఫాన్ తావ్, టేకు చెక్కతో కట్టిన మందిరం, నీడగా చల్లగా ఉంటుంది. కానీ మీ బసకు దగ్గరలో, ఏ పుస్తకంలోనూ లేని చిన్న గుడి ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని మీదిగా చేసుకోండి. ఆరింటికి వెళ్లి అరగంట కూర్చోండి. నాలుగో రోజుకు అక్కడ ఊడ్చే ముసలాయన తల ఊపుతాడు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, చెప్పులు బయట విడవాలి, పాదాలు బుద్ధుడి వైపు చాపకూడదు. ఆడవాళ్లం భిక్షువులను తాకకూడదు, ఏదైనా ఇవ్వాలంటే వాళ్లు పరిచిన గుడ్డ మీద పెట్టాలి. తెల్లవారుతూనే భిక్షకు వచ్చేవాళ్ల మొహం మీద కెమెరా పెట్టకండి. అరటిపళ్లో అన్నమో కొని, చెప్పులు విడిచి, వంగి పాత్రలో వేసి పక్కకు జరగండి. మధ్యాహ్నం దాటితే వాళ్లు తినరు కాబట్టి ఆ పొద్దుటి ముద్దే వాళ్లకు ఆధారం.

చెడీ లువాంగ్ ఆవరణలోనే భిక్షువులతో మాట్లాడే ఏర్పాటు ఉంది, 'మాంక్ చాట్' అంటారు. చెట్టు కింద బల్లలు, కుర్ర భిక్షువులు, వాళ్లకు ఇంగ్లీషు సాధన, మనకు సందేహ నివృత్తి. మీవారికి ఇది నచ్చుతుంది. నా వెంట వచ్చిన ఒక పెద్దాయన ధ్యానం గురించి అడగబోయి గంటసేపు ఫుట్‌బాల్ గురించి మాట్లాడి వచ్చాడు. ఆ రోజు ఆయనంత హాయిగా మాలో ఎవరూ లేరు.

మెడ నొప్పి దగ్గర కాస్త ఆగుతాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. థాయ్ మర్దనను, అంటే నువాద్ థాయ్‌ని, యునెస్కో 2019లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. దాని మూలపురుషుడిగా వాళ్లు కొలిచేది మన జీవకుణ్ని, రాజగృహంలో బుద్ధుడికి వైద్యం చేసిన జీవకుడే. పాత పద్ధతి పాటించే చోట పని మొదలుపెట్టేముందు ఆయనకు పాళీలో దండం పెట్టుకుంటారు. ఒంట్లో శక్తి నడిచే దారుల్ని 'సెన్' అంటారు. ముఖ్యమైనవి పది. వాటిలో మూడింటి పేర్లు వినండి: ఇత్థా, పింగఖలా, సుమనా. ఇడ, పింగళ, సుషుమ్న గుర్తొచ్చాయా? మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

పులకరింత సంగతి అటుంచితే, ఆ మర్దన మొరటుగా ఉంటుంది. నూనె ఉండదు, వదులు బట్టలేసుకుని నేల మీద పరుపుపై పడుకోవాలి. మోచేతులతో, మోకాళ్లతో, ఒక్కోసారి పాదాలతో నొక్కి లాగుతారు. మెడ నుంచి చేతిలోకి తిమ్మిరి దిగుతుంటే, డిస్కు జారి ఉంటే, ఎముకలు గుల్లబారి ఉంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే, కాలి రక్తనాళాల్లో గడ్డలుంటే, గర్భంతో ఉంటే ముందు ఇక్కడే డాక్టరును అడిగి వెళ్లండి. మిగతావాళ్లకు రెండు మాటలు చాలు: 'బావ్ బావ్' అంటే మెల్లిగా, 'జెప్' అంటే నొప్పి. ఓర్చుకుంటేనే గుణం అనుకుని పళ్లు బిగించి పడుకోకండి. మెడను పట్టుకుని టక్కున తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి వద్దనండి, ఎంత పేరున్న చోటైనా సరే. ఒకసారి మొహమాటపడి ఊరుకున్నాను. మిగిలిన మూడు రోజులు పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది.

మామూలు దుకాణాల్లో గంటకు 250 నుంచి 400 బాత్ దాకా ఉంటుంది. స్పాల్లో దానికి మూడు నాలుగు రెట్లు. ఎక్కువ ఇచ్చేది పూలకు, తువ్వాళ్లకు, మౌనానికి. చేతి నైపుణ్యం దుకాణంలోనే ఎక్కువసార్లు దొరికింది నాకు. దిగిన రోజే వెళ్లకుండా ఒక రాత్రి నిద్రపోయి వెళ్లండి. రోజు విడిచి రోజు, ఒకే చోట, వీలైతే ఒకే మనిషి దగ్గర. రెండోసారికి మీ మెడ ఎక్కడ బిగుసుకుందో ఆమె చేతికి తెలిసిపోతుంది. రోజుకో కొత్త చోట రుచి చూస్తే ఆ లాభం పోతుంది. ఆడవాళ్ల జైలు వాళ్లు నడిపే మర్దన కేంద్రం కూడా ఉంది. విడుదలకు దగ్గరపడ్డ వాళ్లకు పని నేర్పి పెట్టారు, సంపాదన వాళ్లు బయటికొచ్చాక ఆసరా. పొద్దున్నే వెళ్తేనే చోటు దొరుకుతుంది.

ఉత్తరాది లాన్నా వాళ్ల సొంత పద్ధతి ఇంకొకటి, 'తోక్ సెన్'. చెక్క మేకును ఒంటి మీద ఆనించి చిన్న సుత్తితో టక్ టక్ మని కొడతారు. పిడుగు పడిన చింతచెట్టు కర్రయితే శ్రేష్ఠమంటారు. వినడానికి వడ్రంగిపనిలా ఉంటుంది గానీ ఆ అదురు కండరం లోపలికి దిగి భలే సుఖంగా ఉంటుంది. బిగిసిన భుజాలకు మామూలు మర్దన కన్నా నాకు ఇదే పనిచేసింది. మెడ ఎముక మీద మాత్రం వద్దనండి. పసుపు, నిమ్మగడ్డి, కర్పూరం, 'ప్లాయ్' అనే అల్లం జాతి దుంప మూటకట్టి ఆవిరి పట్టి కాపడం పెడతారు. దాన్ని అడిగి మరీ చేయించుకోండి.

మూడు రోజుల విపశ్యన గురించి. వద్దంటాను. ఊరి అంచున వాట్ రామ్ పోయెంగ్‌లో నేర్పే మూల శిక్షణ 26 రోజులు. తెల్లబట్టలు, అష్టశీలాలు, మధ్యాహ్నం తర్వాత భోజనం లేదు, నడకా కూర్చోవడం మార్చి మార్చి గంటల తరబడి సాధన. విపశ్యన గురువు గోయెంకా గారి పద్ధతిలో మొదటి శిబిరం పది రోజులు. అవి విశ్రాంతి కోసం పెట్టినవి కావు, గట్టి పని. నిద్రలేమితో అలసిన మనసును తీసుకెళ్లి మూడు రోజులు అందులో పడేస్తే, లోపలి చెత్త పైకి తేలేసరికి మీ తిరుగు టికెట్టు వస్తుంది. మనసుకు సంబంధించిన మందులు వాడేవాళ్లయితే చెప్పకుండా అసలు చేరకూడదు. రుచి చూడాలనే ఉంటే వాట్ సువాన్ దోక్‌లో ఉన్న బౌద్ధ విశ్వవిద్యాలయం వాళ్లు విదేశీయులకు ఒక రాత్రి, రెండు పగళ్ల చిన్న శిబిరాలు పెడుతుంటారు. తేదీలు ముందే రాసి కనుక్కోండి. అదీ మీరొక్కరే వెళ్లండి. మీవారిని లాక్కెళ్తే ఇద్దరికీ శాంతి ఉండదు.

ఇక మీ జాబితా. చియాంగ్ రాయ్ తెల్ల గుడి: పోను మూడు గంటలు, రాను మూడు గంటలు, కొట్టేశాను. పాయ్ అనే కొండ ఊరు: ఆ దారిలో 762 మలుపులని టీషర్టుల మీద అచ్చేసి అమ్ముతారు, పట్టేసిన మెడతో వెళ్లే దారి కాదు. దోయ్ ఇంథనాన్ 2,565 మీటర్లు, దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం, అందమైనదే, ఇంకోసారికి. నైట్ సఫారీ, జిప్‌లైన్, మూడు కాఫీ షాపులు, రెండు ఫొటో స్టూడియోలు, అన్నీ పోయాయి. ఏనుగుల శిబిరం ఎందుకు పెట్టారో అర్థమైంది, అందరూ పెడతారు, అయినా అదీ కొట్టేశాను.

మిగిల్చినవి మూడు. ఒకటి వాట్ ఉమోంగ్. కొండ కింద అడవిలో ఉంది, ఇటుకల సొరంగాల్లో బుద్ధ విగ్రహాలు, చెట్లకు వేలాడే నీతి వాక్యాలు, వెనక చెరువు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చీకటి పడేదాకా ఉండండి. రెండోది వాట్ ఫా లాత్. దోయ్ సుతేప్ కొండ మీద పెద్ద గుడికి సగం దారిలో, సెలయేటి పక్కన ఉంటుంది. 1935లో క్రూబా సివిచాయ్ అనే భిక్షువు పూనుకుని జనంతో రోడ్డు వేయించేదాకా యాత్రికులంతా కాలినడకనే పోయేవారు. ఆ పాత కాలిబాటలో చెట్లకు కాషాయం గుడ్డలు కట్టి ఉంటాయి, వాటి గుర్తు పట్టుకుని గంటలోపు ఎక్కేయొచ్చు. పొద్దున ఏడింటికే మొదలుపెట్టండి, నీళ్లు తీసుకెళ్లండి, వాన పడిన మర్నాడు జారుతుంది. అక్కడే కూర్చుని దిగిపోయినా తప్పులేదు. పైదాకా వెళ్లాలనుకుంటే రోడ్డు మీద ఎర్ర సోంగ్‌థేవ్ దొరుకుతుంది, ఎదురుబొదురు బెంచీలున్న చిన్న ట్రక్కు అది. మూడోది సాన్ కాంఫేంగ్ వేడినీటి బుగ్గలు, ఊరికి తూర్పున 35 కిలోమీటర్ల దూరం. గంధకం వాసన, వెదురు బుట్టల్లో గుడ్లు ఉడకబెట్టుకునే కుటుంబాలు, పాదాలు నానబెట్టుకునే కాలువ. ఐదో రోజుకు పెట్టుకోండి. వారాంతం వద్దు.

తిండికి బెంగ లేదు. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని జెండా ఉన్న చోట మాంసం, చేప, గుడ్డు, చివరికి ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మామూలు హోటల్లో కూరగాయలే అని చెప్పినా 'నామ్ ప్లా' అనే చేపల రసం పోసేస్తారు, విడిగా వద్దని చెప్పాలి. 'కపి' అని కనిపిస్తే కంగారు పడకండి, మన కపి కాదు, రొయ్యల ముద్ద! అక్కడి జిగురన్నం రుచిగా ఉంటుంది గానీ బరువు, మధ్యాహ్నానికే ఉంచుకోండి.

మీవారి సంగతి చెప్పడం మర్చిపోయాను. పొద్దున గుడికి మీరొక్కరే వెళ్లండి, ఆయన్ని పడుకోనివ్వండి, లేదా సైకిలు అద్దెకు తీసుకుని కందకం చుట్టూ తిరగనివ్వండి. నైరుతి మూలలో బువాక్ హాత్ పార్కు ఉంది, పొద్దున అక్కడ వ్యాయామాలు చేసేవాళ్లు కనిపిస్తారు. ఎనిమిదిన్నరకు ఇద్దరూ ఒకే టిఫిన్ బండి దగ్గర కలుసుకోండి, రోజూ అదే బండి. ఆదివారం సంతకు ఆయన్ని ఒక్కణ్నే పంపండి, కావాలంటే ఏనుగుల పైజామాలు రెండు కొనుక్కొస్తాడు, మర్దనకు పనికొస్తాయి.

తేదీలు మార్చాక బస ఎక్కడ చూశారో రాయండి. ఆ సందు నాకు తెలిసిందైతే, పొద్దున ఆరింటికి కూర్చోవడానికి దగ్గర్లో ఏ గుడి బాగుంటుందో చెబుతాను.